మిలటరీ లారీతో కాపురం

ఈ ఏటి సంచికకు ఏదైనా సాంకేతిక విషయం మీద వ్యాసం వ్రాయమని యూనియన్ వారు అడిగారు. కంప్యూటర్ల గురించో ఉపగ్రహాల గురించో వ్రాస్తానని వారు ఆశించి ఉంటారు. నాకు చేతనైంది అది కాదు. మెకానికల్ చదివిన రోజుల్లో నా సెలవులన్నీ విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి షెడ్డులోనే గడిచాయి. ఆ షెడ్డులో ఒక మిలటరీ లారీ ఉండేది. థర్మోడైనమిక్స్‌లో నాకు వచ్చిన మార్కుల సంగతి దేవుడెరుగు గాని, యంత్రమంటే ఏమిటో కొద్దో గొప్పో నాకు బోధపడింది ఆ లారీ కిందనే. కాబట్టి అటువంటి బండిని నడపటం ఎలా, బతికించుకోవటం ఎలా అన్నదే ఈ వ్యాసంలో విషయం.

ముందు ఇవి మన ప్రాంతానికి ఎలా వచ్చాయో చెప్పాలి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. కోస్తా అంతటా హడావుడి. మన గన్నవరం విమానాశ్రయం కూడా ఆ యుద్ధకాలంలో పుట్టిందే. బర్మా సరిహద్దుకు సరుకు చేరవెయ్యటానికి అమెరికా నుంచి జి.ఎం.సి. ఆరు చక్రాల లారీలు, విల్లీస్ జీపులు వచ్చాయి. కెనడాలో ఫోర్డు, షెవర్లే కంపెనీలు బ్రిటిషు సైన్యపు కొలతల ప్రకారం తయారు చేసిన లారీలు ఓడల మీద దిగాయి. ఈ కెనడా లారీలు అన్నీ కలిపి నాలుగు లక్షలకు పైమాటే. చాలావరకు విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చి ఇక్కడ బిగించబడ్డాయి. యుద్ధం ముగిశాక ప్రభుత్వం వీటిని డిస్పోజల్ అమ్మకాల్లో వదిలించుకుంది. అప్పటిదాకా పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో ఈడ్చుకొచ్చిన మన మోటారు యజమానులకు అదొక పండగ. వేలంలో కొన్న లారీకి చెక్క బాడీ కట్టి ఒకరు బస్సు చేశారు, ఇంకొకరు ధాన్యం తోలారు. ‘డిస్పోజల్ బండి’ అన్న మాట అట్లా పుట్టి, మొన్న మొన్నటి దాకా ఆటోనగర్‌లో వినపడుతూనే ఉంది.

మా షెడ్డులోది కెనడా షెవర్లే. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే మూడు టన్నుల రకం. ముందు ఒక వించి. దాన్ని బాబాయి బ్రేక్‌డౌన్ బండిగా ఉంచుకున్నాడు. డెల్టాలో కొండలూ లోయలూ లేవు గాని కాలువలున్నాయి. బందరు రోడ్డు పొడుగునా, ఏలూరు కాలువ పొడుగునా నిద్రమత్తులో కాలువలోకి దిగిన లారీలకు లోటు లేదు. వాటిని పైకి లాగటమే దీని ఉద్యోగం. ముక్కు ఉండీ లేనట్టు పొట్టిగా ఉంటుంది. ఓడలో చోటు కలిసి రావాలనీ, ఉన్న పొడుగులో సరుకుకే ఎక్కువ భాగం దక్కాలనీ అట్లా చేశారు. ఫలితంగా ఇంజను డ్రైవరుకూ పక్కవాడికీ మధ్యన వచ్చి కూచుంది. మే నెలలో ఎడమ మోకాలు ఉడికిపోతుంది. ముందు అద్దం పైభాగం ముందుకు వాలి ఉంటుంది. చూసినవాళ్ళు బండి గుద్దుకుని వంగిందనుకునేవారు. కాదు, ఎండ అద్దం మీద తళుక్కుమని పై నుంచి పోయే విమానాలకు కనపడకుండా ఉండటానికి ఆ వాలు.

జీపు లారీ కాదు గదా, దాన్నెందుకు కలుపుతున్నావని కొందరు మిత్రులు అడగవచ్చు. అమెరికా సైన్యపు కాగితాల్లో దాని పేరు ‘పావు టన్ను ట్రక్కు’. అంచేత కలిపేశాను.

మా మేస్త్రీ గారు యుద్ధంలో సిపాయి డ్రైవరు. దిమాపూర్ నుంచి ఇంఫాల్ పోయే ఘాటు దారిలో ఇటువంటి లారీనే తోలినవారు. ఆయన మొదటి రోజే నాతో అన్న మాట ఇది: “ఇంజనీరూ, ఈ బండి చేసినవాడు నిన్ను నమ్మలేదయ్యా. నీకేమీ రాదనుకునే చేశాడు. అందుకే అన్నీ చేతికందేట్టు పెట్టాడు.” నిజమే. నాగలి వదిలి వచ్చిన పల్లెటూరి కుర్రవాడు కొద్ది వారాల్లో నేర్చుకుని, అడవిలో, చీకట్లో, మామూలు పానాలతో బాగు చేసుకోవాలి. ఇదీ ఆ బండి తయారీలో మూలసూత్రం. అందుకు బదులుగా ఆ బండి ఒకటి కోరుతుంది: రోజూ కాస్త చూడమంటుంది. సైన్యంలో డ్రైవరుకు రోజుకొక పని చొప్పున వంతు ఉండేది. ఇవాళ స్ప్రింగు కట్టల నట్లు, రేపు బ్యాటరీ నీళ్ళు, ఎల్లుండి స్టీరింగు జాయింట్లకు గ్రీజు. బండి చెడిందా లేదా అన్న ప్రశ్నే లేదు, వంతు వచ్చింది గనక చూడాలి. మనకేమో చెడితే తప్ప పానా పట్టుకునే అలవాటు లేదు. పాత మిలటరీ బళ్ళు సివిల్ చేతుల్లోకి వచ్చాక త్వరగా కూలబడటానికి నాకు తెలిసిన పెద్ద కారణం ఇదే.

ఇంజను సంగతి. షెవర్లేలో ఉన్నది 216 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, సుమారు 85 గుర్రాల బలం. ఇప్పటి ఇంజన్లలో క్రాంకు షాఫ్టుకూ కనెక్టింగ్ రాడ్డుకూ మధ్య పలచని షెల్ బేరింగులు ఉంటాయి, పంపు వాటికి ఒత్తిడితో ఆయిలు పంపుతుంది. ఈ ఇంజనులో రాడ్డు బేరింగు అంటే రాడ్డులోనే కరిగించి పోసిన తెల్లలోహం. రాడ్డు అడుగున చిన్న గరిటె లాంటిది ఉంటుంది. ప్రతి చుట్టుకూ అది కింద ఉన్న ఆయిలును తోడుకుని బేరింగుకు అందిస్తుంది. మా అమ్మమ్మ పెరుగు చిలికేటప్పుడు కవ్వం చుట్టూ చిందేది చూడండి, అదే సూత్రం. ఆయిలు మీటరు పది పదిహేను పౌన్లు చూపితే కొత్తవాళ్ళు కంగారుపడి ఇంజను విప్పుతారు. దానికది మామూలే. అయితే ఆ తెల్లలోహం మెత్తన. నెమ్మదిగా బరువు లాగమంటే ఎంతైనా లాగుతుంది గాని, గంటల తరబడి పరుగెత్తమంటే కరిగిపోతుంది. మేస్త్రీ గారు ఎన్నడూ 35 మైళ్ళు దాటనిచ్చేవారు కాదు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసే క్షణంలో ‘టక టక’మని వినిపిస్తే బేరింగు అరిగినట్టు. అప్పుడు సంపు దించి, రాడ్డు క్యాపు కింద ఉన్న సన్నటి రేకుల్లో ఒకటి తీసేసి మళ్ళీ బిగిస్తే సందు తగ్గుతుంది. ఒక సాయంత్రం పని. కొత్త భాగమంటూ ఏదీ కొననక్కర్లేదు. రేకులన్నీ అయిపోయాక మాత్రం తెల్లలోహం పోసి బోరు చేసేవాడి దగ్గరకు వెళ్ళాలి. ఒకప్పుడు ఆ పని మా షెడ్డుకు నాలుగడుగుల దూరంలో జరిగేది. ఇప్పుడు చేసేవాళ్ళను వెతుక్కోవలసి వస్తున్నది.

ఇక నడపటం. గేరుబాక్సులో సింక్రోమెష్ లేదు. అంటే ఒక వేగంతో తిరిగే పళ్ళచక్రాన్ని మరో వేగంతో తిరిగేదానిలోకి మనమే ఒప్పించి దూర్చాలి. పై గేరుకు పోయేటప్పుడు క్లచ్ నొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజను వేగం పడేదాకా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ క్లచ్ నొక్కి గేరు వెయ్యాలి. కింది గేరుకు దిగేటప్పుడు న్యూట్రల్‌లో ఉండగా యాక్సిలరేటరు ఒకసారి తొక్కి ఇంజను వేగం పెంచాలి. ఎంత తొక్కాలి అంటే లెక్క ఉంది, రెండు గేర్ల నిష్పత్తిని బట్టి కాగితం మీద కట్టవచ్చు. నేను కట్టాను కూడా. వంతెన ఎక్కేటప్పుడు ఆ కాగితం ఎందుకూ పనికిరాలేదు. చెవితో వినాలి. డెల్టాలో ఎత్తులంటే కాలువ వంతెనలే. పాత వంతెనలు ఒంటె వీపుల్లా ఉండేవి. ఎక్కకముందే గేరు దించుకోవాలి. సగంలో దించబోయి తప్పితే బండి న్యూట్రల్‌లో వెనక్కు దొర్లుతుంది, వెనక జనం ఉంటారు.

ముందు చక్రాలకు బలం అందించే లివరు ఒకటి వేరే ఉంటుంది. దాన్ని తారురోడ్డు మీద వెయ్యకూడదు. ఎందుకంటే, మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటె ఎక్కువ దూరం తిరుగుతాయి. వెనక ఇరుసులో కుడి ఎడమల తేడాను సర్దటానికి డిఫరెన్షియల్ ఉంది గాని, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య తేడా సర్దేది ఏదీ ఈ బళ్ళలో లేదు. బురదలో చక్రం కాస్త జారి ఆ తేడాను తీర్చేస్తుంది. గట్టి రోడ్డు మీద జారదు. ఆ మెలి అంతా షాఫ్టుల్లో పేరుకుంటుంది, తడిబట్ట పిండినట్టు. చివరికి లివరు ఎంత లాగినా రాదు, లేదా ఎక్కడో పన్ను విరుగుతుంది. అలా బిగిసిపోయినప్పుడు సుత్తి తియ్యకండి. బండిని నాలుగు గజాలు వెనక్కు నడపండి, మెలి విడిపోయి లివరు దానంతటదే వస్తుంది. నల్లరేగడిలో దిగబడితే మాత్రం ఆ లివరే దిక్కు. అక్కడ కూడా యాక్సిలరేటరు తొక్కి చక్రం గిరగిరా తిప్పితే మన గోతిని మనమే తవ్వుకున్నట్టు. టైర్లలో గాలి కొంత తీసి, రెండో గేరులో, ఊపిరి బిగబట్టినట్టు పోవాలి. 1977 నవంబరు 19 తుపాను తరువాత దివిసీమ వైపు వెళ్ళినప్పుడు ఈ పాఠం నేర్చుకున్నాను. అక్కడ చూసినవి ఇటువంటి వ్యాసంలో వ్రాసేవి కావు.

ఇప్పుడు బ్రేకులు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, కారణం ఉంది.

1979 సంక్రాంతి సెలవులు. బ్రేకు పెడలు కాస్త కిందికి పోతున్నదని మేస్త్రీ గారు లేని వేళ నేను మాస్టర్ సిలిండరు మూత తీసి చూశాను. మట్టం తగ్గింది. బ్రేకాయిలు డబ్బా ఖాళీ. పక్కనే ఇంజనాయిలు డబ్బా ఉంది. ఆయిలు ఆయిలే గదా అని పోసేశాను. మూడో సంవత్సరం ఇంజనీరింగు చదువుతున్న వాణ్ణి సుమా! మర్నాడు పొద్దున కంకిపాడు దగ్గర ధాన్యం లారీ ఒకటి బందరు కాలువలో ఒరిగిందని కబురు వస్తే బయలుదేరాం. పోరంకి దాటేసరికి బండి బరువెక్కినట్టు ఈడుస్తున్నది. మేస్త్రీ గారు ముక్కు ఎగబీల్చి, “ఏదో కాలుతోందయ్యా” అన్నారు. పెడలు మీద కాలు పెట్టి చూశారు, రాయిలా ఉంది. బ్రేకులు తొక్కకుండానే పట్టేసి ఉన్నాయి. హ్యాండు బ్రేకు లాగి, గేరులో ఆపి దిగితే నాలుగు డ్రమ్ముల దగ్గరా పొగ.

జరిగిందేమిటంటే: మాస్టర్ సిలిండరులో రబ్బరు కప్పు వాషరు ఒకటి ఉంటుంది. పెడలు వదిలినప్పుడు ఆ కప్పుకు సరిగ్గా ముందు సూదిమొన అంత రంధ్రం ఒకటి తెరుచుకుని, లైన్లలో మిగిలిన ఒత్తిడిని డబ్బాలోకి వదిలేస్తుంది. బ్రేకాయిలు కోసం చేసిన ఆ రబ్బరు, మినరల్ ఆయిలు తగిలితే ఉబ్బుతుంది. రాత్రికి రాత్రి ఉబ్బిన కప్పు ఆ రంధ్రాన్ని మూసేసింది. తొక్కిన ప్రతిసారీ కొంత ఒత్తిడి లోపల చిక్కుకుపోయింది. బ్రేకులు రాసుకుని వేడెక్కాయి, వేడికి లోపలి ద్రవం ఇంకా వ్యాకోచించింది, ఇంకా గట్టిగా పట్టాయి. అట్లాగే ఇంకో రెండు మైళ్ళు పోతే ద్రవం మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని ఎంతైనా నొక్కవచ్చు, చక్రానికి మాత్రం బలం చేరదు. పెడలు నేలకు తాకుతుంది. ఈ బళ్ళలో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఇప్పటి బళ్ళలో మాదిరి ఒకటి పోతే రెండోది ఆదుకుంటుందని ఏమీ లేదు.

మేస్త్రీ గారు చక్రం దగ్గర బ్లీడరు నిప్పిలు అరచుట్టు తిప్పారు. నల్లటి ద్రవం చివ్వున చిమ్మింది, చక్రం వదిలింది. వేలితో తాకి వాసన చూశారు. నా వైపు చూశారు. ఒక్క మాట అనలేదు. రెండో గేరులో, బ్రేకుల్లేకుండా, హ్యాండు బ్రేకు మీద షెడ్డుకు తిరిగివచ్చాం. అన్ని కప్పులూ మార్చి, పైపులన్నీ స్పిరిటుతో కడిగేసరికి రాత్రి పొద్దుపోయింది. కాలువలో ఉన్న ఆ ధాన్యం లారీ మర్నాటి దాకా అక్కడే ఉంది. బస్తాలు నానిపోయాయి. అది ఎవరో రైతు పంట. పండగ ముందు అమ్మబోయిన ధాన్యం. ఆ మనిషి గట్టు మీద కూచుని ఉండగా చూశాను. ఎందుకు ఆలస్యమైందో నేను చెప్పలేదు, మేస్త్రీ గారూ చెప్పలేదు.

అప్పటి నుంచి బ్రేకాయిలు డబ్బా విడిగా, మూత బిగించి పెడతాను. బిగించటం ఎందుకంటే అది గాలిలో తేమను పీలుస్తుంది, మన డెల్టాలో తేమకు కొదవ లేదు. నీరు చేరిన కొద్దీ మరిగే వేడి తగ్గుతుంది, సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. బండి తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి పాతది వదిలేసి కొత్తది పొయ్యటం మంచిది.

చక్రాల గురించి ఒక హెచ్చరిక. ఈ లారీల డిస్కులు చాలావాటికి రెండు ముక్కలు, నట్లతో కలిపి బిగించి ఉంటాయి. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే నట్లు వేరు, రెండు ముక్కలనూ కలిపి ఉంచేవి వేరు. రెండో రకాన్ని టైరులో గాలి ఉండగా విప్పకూడదు. గుర్తు కోసం సైన్యంలో వాటికి ఎర్ర రంగు వేసేవారు. తరువాత కొన్నవాళ్ళు అందంగా ఉంటుందని మొత్తం చక్రానికి ఒకే పచ్చరంగు కొట్టిస్తారు. లెక్క చూడండి: చదరపు అంగుళానికి 50 పౌన్ల గాలి, అది ఆనే చోటు 300 చదరపు అంగుళాలు అనుకుంటే 15,000 పౌన్లు, అంటే దాదాపు ఏడు టన్నులు. ఎదురుగా మనిషి ముఖం. ముందు వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోనిచ్చి, ఆ తరువాతే పానా.

కరెంటు ఆరు వోల్టులది. జీపుకూ అంతే. ‘సెల్ఫ్ తిరగటం లేదు, బ్యాటరీ పోయింది’ అని కొత్త బ్యాటరీ కొంటారు, అయినా తిరగదు. దోషం తీగలది. అదే పనికి ఆరు వోల్టుల్లో కరెంటు రెట్టింపు పారాలి. అదే తీగలో నష్టం కూడా రెట్టింపు. ఉన్న ఆరులో ఆ నష్టపు వంతు చూస్తే, పన్నెండు వోల్టుల బండితో పోల్చితే నాలుగింతలు. అందుకని అసలు తీగలు బొటనవేలంత లావు. ఎవరో మామూలు కారు తీగ వేసి ఉంటారు. లావుపాటి తీగ వేసి, చాసిస్‌కు కలిసే చోట తుప్పు గీకండి, చాలు. పాత తీగల మీద గుడ్డ చుట్టు ఉంటుంది. అది మన పందికొక్కులకు మహా ఇష్టం. ఆ సమస్యకు మాత్రం ఓం సూత్రంలో పరిష్కారం లేదు.

బెజవాడ ఎండల్లో ఇంకో చిక్కు, పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోవటం. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే మళ్ళీ కదులుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుపుతున్నారు. అది తేలిగ్గా ఆవిరవుతుంది, తేమను లాక్కుంటుంది, పాత పంపు డయాఫ్రమును పాడు చేస్తుంది. తట్టుకునే రబ్బరుతో డయాఫ్రము మార్పించుకోవాలి, టాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచరాదు.

ఇంతవరకు చెప్పింది పానాతో తీరే సంగతులు. తీరనిది ఒకటుంది. మన మోటారువాళ్ళు ఈ బళ్ళను బతికించింది మార్చటం ద్వారా. పెట్రోలు ఖర్చు భరించలేక మద్రాసు సింప్సన్ వారు చేసిన పెర్కిన్స్ పి-6 డీజిలు ఇంజన్లు పెట్టారు. జీపులకూ, తరువాత 1969 నుంచి 1999 దాకా జబల్పూరులో తయారైన జోంగాలకూ అదే వైద్యం చేశారు. ఆటోనగర్ వాళ్ళ గొప్పతనమే అది, ఏ ఇంజనునైనా ఏ చాసిస్‌లోనైనా కూచోబెడతారు. ఆ బళ్ళు ఇన్నేళ్ళు అన్నం పెట్టాయంటే అందువల్లే. 2021 జులైలో కేంద్రప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి ఉండాలి, ఇరవై వేల రూపాయల ఫీజు, పదేళ్ళ గడువు, నెంబరులో వి.ఎ. అన్న అక్షరాలు. బాడుగకు గాని రోజువారీ పనులకు గాని తిప్పరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవటానికి తియ్యవచ్చు. మంచిదే. కాని బండి అసలు రూపంలో ఉండాలన్నారు. అదీగాక ఆ నియమాలు రెండు చక్రాల, నాలుగు చక్రాల సొంత వాడకపు బళ్ళను ఉద్దేశించినవి. బాడుగకు తిరిగి, ఇంజను మారి, బాడీ మారిన లారీ ఏ గడిలోకీ రాదు. నా జీపు వస్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరో కొట్టంలో పడేసి మరిచిపోయారు. రోజూ పనిచేసిన బండి పోయి, పని చెయ్యని బండి మిగలటం నాకు మింగుడుపడదు. నియమం వ్రాసినవారిని తప్పుపట్టను, ఎక్కడో ఒక గీత గియ్యాలి గదా. కాని డీజిలు మార్పిడి కూడా ఆ లారీ చరిత్రలో భాగమే అని, దానికీ ఒక గడి ఉండాలని నా వాదం.

మా షెవర్లేకు కూడా 1983లో డీజిలు ఇంజను పడింది. తీసిన 216 ఇంజనును పాత ఇనుము కింద తూకానికి ఇచ్చాం. నేనే దగ్గరుండి తూయించాను. తరువాత పదేళ్ళకు లారీ కూడా అదే దారిన పోయింది. మేస్త్రీ గారు అప్పటికే లేరు. వించి ఒక్కటి విప్పి ఉంచుకున్నాను. షెడ్డు వెనక గోడ పక్కన రేకు కింద ఉంది. నెలకోసారి దానికి గ్రీజు వంతు వస్తుంది, పెడుతూనే ఉన్నాను.